ఉత్సుసెమి ఎడమ కాలు

ఉత్సుసెమి అంటే కీచురాయి వదిలేసి పోయిన డొల్ల. ఎండాకాలంలో చెట్టు బెరడును పట్టుకుని ఉంటుందే, లోపల ఏమీ లేకుండా, అది. మా ఆదివారం పొద్దుటి సీరియల్లో నల్ల కవచం వాడికి ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. పెట్టాక మాత్రం, ఆ డొల్లలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతి అందరూ హాయిగా మరిచిపోయారు. మరిచిపోవడానికి నాకు వీలు లేదు. రోజూ వీపు మీద జిప్పు పెట్టేది నేనే.

నా పేరు తొమోయె. స్టూడియోలో కవచాలు తొడగడం, విప్పడం, చెమట ఆరబెట్టడం, ఊడినచోట జిగురు రాయడం నా పని. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే చేస్తున్నాను. నోరు మంచిది కాదని అంటారు. ముప్పొద్దులా మగవాళ్ల చెమట కంపు పీల్చేవాళ్లకు నోరు మంచిగా ఎలా ఉంటుంది?

సీరియల్లో వీరులు అయిదుగురు, రంగుకొకరు. ఉత్సుసెమి వాళ్లలో ఒకడు కాడు, అలాగని రాక్షసుల వైపూ కాడు. చచ్చిపోయిన చెల్లెల్ని బతికించుకోవాలని రాక్షసుల గుండెలు పోగేస్తుంటాడు. అడ్డొస్తే వీరుల్నీ తంతాడు. ఎప్పుడైనా సాయం చేస్తే ఆలస్యంగా వచ్చి చేస్తాడు, ఎవరైనా మెచ్చుకునేలోపు వెళ్లిపోతాడు. మాతో వచ్చెయ్ అని వాళ్లు పిలిచినప్పుడల్లా ఒకటే మాట: “నన్ను మీలో కలుపుకోకండి.” అలా అని ఎడమ కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోతాడు. బుద్ధిమంతులైన అయిదుగురినీ వదిలేసి పిల్లలందరూ ఈ మొండివాడి వెంట పడ్డారు.

ఈ మొండివాడు నిజానికి ఇద్దరు. కవచం లేనప్పుడు కనిపించే మొహం, కవచంలోంచి వినిపించే గొంతు సగారా రిత్సువి. చక్కని కుర్రాడు, బట్టల ప్రకటనల్లోంచి వచ్చాడు. కవచంలో ఉండి దూకేది, పడేది, నడిచేది ఉకాయ్ తెత్సుజి. అతనికి యాభై దాటాయి. హెల్మెట్ లోపల డైలాగులన్నీ తనూ చెప్పుకుంటాడు, తల ఊపు మాటకు తగ్గట్టు రావాలని. ఆ గొంతు ఎవరికీ వినపడదు. తర్వాత డబ్బింగులో రిత్సు కూర్చుని, ఆ ఊపులకు తన మాటలు అతికిస్తాడు.

ఇక ఆ కాలు సంగతి. ఉకాయ్ ఎడమ తుంటి ఎప్పుడో పాడైంది. షూటింగ్ మొదలైన వారంలో ఒకరోజు ఎండకు ఒళ్లు డస్సిపోయి, షాట్ చివర కాలు ఈడ్చాడు. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అదే. నాకు కావలసింది అదే. ఉకాయ్ గారూ, ఎక్కడ పట్టారు ఆ నడక?”

“ఊరికే, ప్రయత్నించి చూశానండీ,” అన్నాడు ఉకాయ్.

అంతే, రచయిత ఆ కాలికి ఒక కథ కట్టాడు. చెల్లెల్ని మంటల్లోంచి లాగబోయినప్పుడు దూలం విరిగి పడిందట. కవచం లేని సీన్లలో తనూ అలాగే నడవాలి కదా, రిత్సు నా గుడారం పక్కన రోజుల తరబడి ఆ నడక నేర్చుకున్నాడు. మొదట్లో ముల్లు గుచ్చుకున్న పిల్లిలా నడిచేవాడు.

“మీరు దీన్ని ఎలా కనిపెట్టారు?” అని ఉకాయ్‌ని ఒకసారి అడిగాడు.

“నేను కాదు, వయసు కనిపెట్టింది,” అన్నాడు ఉకాయ్. కుర్రాడు అది వేళాకోళం అనుకుని నవ్వాడు.

నాకు మాత్రం తెలుసు. రోజూ ఆ తుంటికి పట్టీ చుట్టేదాన్ని. వేసవి ముదిరేసరికి అది కమిలిన పండులా ఉండేది. ఇంకోసారి గట్టిగా పడితే ఎముక ఉండదని డాక్టర్ చెప్పాడట. నేను ఊరుకోలేదు, ఫైట్ మాస్టర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అన్నం ముద్ద కొరుకుతూ నవ్వాడు.

“అక్కా, నువ్వు కూడా నమ్మేశావా? అది నటన. అంత బాగా చేస్తాడు కనకే ఆయన ఉకాయ్.”

మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు ఇది. నొప్పిని రోజూ నటించేవాళ్లకు, నిజం నొప్పి ఎదురుగా నడిచిపోతున్నా చప్పట్లు కొట్టబుద్ధవుతుంది.

ఆగస్టులో ఉత్సుసెమి చచ్చిపోయే కథ వచ్చింది. పసిపిల్లల బడి బస్సును కాపాడబోయి కొండ మీంచి పడిపోవాలి. ఆ పడటం వరకు వేరే కుర్రాడి చేత చేయిద్దామని ఫైట్ మాస్టరే అన్నాడు, వయసు చూసి. ఉకాయ్ ఒప్పుకోలేదు.

ఆ రోజు పట్టీ చుడుతూ చెడామడా తిట్టాను. “చావబోయేది బొమ్మ. నువ్వెందుకు పడటం? నీ మొహం కనపడుతుందా, నీ గొంతు వినపడుతుందా? ఎవడు పడ్డా అది ఉత్సుసెమే.”

“ఎవడు పడ్డా కాదక్కా,” అన్నాడు. “వాడు ఎడమ వైపు ఎలా ఒరుగుతాడో నాకు తెలుసు. ఇదే నాకు ఆఖరిది. ఈ కవచంలోకి ఎలా వచ్చానో అలా నా కాళ్ల మీద నేను బయటికి నడవాలి. అంతకు మించి నాకేమీ వద్దు.”

పట్టీ ఇంకో చుట్టు చుట్టాను.

పాత రాళ్ల క్వారీలో షూటింగ్. చుట్టూ అడవిలో కీచురాళ్లు చెవులకు తూట్లు పొడుస్తున్నాయి. ఖర్మ కొద్దీ ఆ రోజే ఉత్సుసెమి బొమ్మలు అమ్మే కంపెనీ వాళ్లు షూటింగ్ చూడటానికి పిల్లల్ని తీసుకొచ్చారు. కట్టిన తాడుకు అవతల తల్లులూ, పసుపు టోపీల పిల్లలూ. పిల్లలు ఉన్నచోట మాకొక నియమం ఉంది. హెల్మెట్ తియ్యకూడదు, లోపలివాడు నోరు విప్పకూడదు. అక్కడ ఉండేది ఉత్సుసెమి. లోపల ఎవరూ లేరు.

ఉకాయ్ పడ్డాడు. నా ఉద్యోగంలో చాలామంది పడటం చూశాను, అంత అందంగా ఎవరూ పడలేదు. ఎడమ వైపు ఒరిగి, ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, వాలు మీద దొర్లుకుంటూ వచ్చి కంకర మీద బోర్లా ఆగాడు. డైరెక్టర్ కట్ చెప్పి, ఓకే అన్నాడు. యూనిట్ అంతా చప్పట్లు.

ఉకాయ్ లేవలేదు. పాత్రలోంచి బయటికి రాలేకపోతున్నాడనుకుని చప్పట్లు ఇంకా పెంచారు.

నేను గొడుగూ ఐసు సంచీ పట్టుకుని పరిగెత్తాను. హెల్మెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే, నోటి దగ్గరి సన్నని చీలికలోంచి ఊపిరి చప్పుడు వచ్చింది.

“పోయింది అక్కా. లోపల విరిగింది.”

నా చేతులు మెడ దగ్గరి కొక్కేల మీదికి వెళ్లాయి. అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

“తియ్యకు. పిల్లలున్నారు.”

“పిల్లల సంగతి తర్వాత. స్ట్రెచర్ పిలుస్తాను.”

“ఆగు. ఒక్క నిమిషం ఆగు.”

అంతలో తాడు కిందనుంచి ఒక పిల్ల దూరి వచ్చేసింది. అయిదేళ్లుంటాయేమో. టోపీ రబ్బరు గడ్డం కింద నొక్కుకుపోయి ఉంది. ఏడవడం లేదు, కోపంగా ఉంది.

“చచ్చిపోయావా?” అంది.

ఉకాయ్ నోరు విప్పడానికి లేదు. అతని గొంతు ఆ పిల్లకు తెలిసిన గొంతు కాదు. వేళ్లు మాత్రం కంకరలో కొంచెం కదిలాయి.

“నువ్వు ప్రతిసారీ లేస్తావుగా. లే.”

నేను ఏదో ఒకటి చెప్పి పిల్లను పంపేద్దామనుకున్నాను. అప్పుడు మా వెనక, వెలుగు మళ్లించడానికి లైటు వాళ్లు నిలబెట్టిన వెండి రంగు అట్ట చాటునుంచి గొంతు వచ్చింది. ఉత్సుసెమి గొంతు.

“గోల చెయ్యకు. పడుకున్నాను.”

రిత్సు. అట్ట వెనక నేల మీద పాకుతూ వచ్చి నక్కాడు. అతని మొహం నాకు కనపడుతోంది. తెల్లగా పాలిపోయి ఉంది, గొంతు మాత్రం వణకలేదు.

పిల్ల హెల్మెట్ వైపే చూస్తోంది. “ఎంతసేపు పడుకుంటావు?”

“నా ఇష్టం.”

“లేస్తావా లేవవా?”

రిత్సు నా వైపు చూశాడు. ఏం చెప్పమంటావని ఆ చూపు. నేను తల అడ్డంగా ఊపాను. ఒళ్లు లేవలేనప్పుడు గొంతు లేస్తానని ఎలా అంటుంది? ఇన్ని నెలలూ ఒళ్లు ముందు చేసేది, గొంతు తర్వాత వచ్చి అతుక్కునేది. ఇప్పుడూ రిత్సు అలాగే ఎదురుచూశాడు.

ఉకాయ్ అరచెయ్యి నేల మీద ఆనించాడు. మోచెయ్యి సాగింది. కుడి మోకాలు పొట్ట కిందికి వచ్చింది. కవచం కింద ఏదో గరగరమన్న చప్పుడు నాకు వినపడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నన్ను వదల్లేదు. నా భుజం కూడా పట్టుకోకుండా నిలబడ్డాడు.

“లేచాను. చాలా?” అంది గొంతు. “పో, మీ అమ్మ దగ్గరికి పో.”

“మాతో ఫోటో దిగు.”

ఈసారి రిత్సుకు కొంచెం ఆలస్యమైంది. “నన్ను మీలో కలుపుకోకండి,” అన్నాడు. చివర మాత్రం గొంతు పగిలింది. పిల్ల అది పట్టించుకోలేదు, ఆ మాట విన్నందుకు మొహం వెలిగిపోయింది.

ఉకాయ్ వెనక్కి తిరిగి వ్యాను వైపు నడిచాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, రోజూ నడిచినట్టే. పిల్లలందరూ కేకలు పెట్టారు. వెనకనుంచి డైరెక్టర్ మాట వినపడింది, “అయ్యో, కెమెరా తిరుగుతుంటే ఎంత బాగుండేది” అని. ఆయన్ని ఆ నిమిషాన కొట్టినా పాపం లేదనిపించింది.

వ్యాను చాటుకు చేరగానే నా మీద కూలిపోయాడు. హెల్మెట్ తీశాను. కింది పెదవి కొరుక్కున్నాడేమో, గడ్డమంతా రక్తం. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. “నడిచాను కదక్కా,” అన్నాడు. నడిచావు నాయనా అని, ఐసు సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక అతని తల మీద పెట్టాను.

వ్యానుకు అవతల అసిస్టెంట్ డైరెక్టర్ గట్టిగా అరుస్తున్నాడు. “ఉత్సుసెమి పాత్రధారి సగారా రిత్సు గారికి ఇది ఆఖరి రోజు.” మళ్లీ చప్పట్లు. ఆఖరి షాట్ అయ్యాక పూలగుత్తి ఇవ్వడం మా ఆచారం. అది మొహానికి ఇస్తారు. కవచంలో వాళ్లకు ఆఖరి షాట్ ఉంటుందని ఎవరూ అనుకోరు, మర్నాడు ఇంకో తోలు తగిలించుకుని ఇంకో రాక్షసుడు అవుతారు కదా.

రిత్సు ఆ గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏం చెయ్యాలో తెలియలేదు పిల్లాడికి. అప్పటికే స్ట్రెచర్ మీదికి ఎక్కించిన ఉకాయ్ ఛాతీ మీద పెట్టాడు. తెల్ల లిల్లీలు.

“తియ్యి అవతలికి,” అన్నాను. “బతికున్నవాడి మీద పూలు పెడతావా, శవపేటికలో పెట్టినట్టు?”

“ఉండనీ అక్కా,” అన్నాడు ఉకాయ్. “పోయినవాడికే కదా ఇచ్చారు.”

రిత్సు అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను ఏడవలేదు. కవచం మీద రక్తం ఆరితే పోదు, తుడవాలి.

తుంటికి ఇనుము వేశారు. ఇంకెప్పుడూ కవచం తొడగనన్న కాగితం మీద ఉకాయ్ చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. డబ్బింగులో రిత్సు ఒక మాట అడిగాడట. పడ్డప్పటి మూలుగు షూటింగ్ టేపులో సన్నగా పడింది, అదొక్కటీ ఉకాయ్ గొంతుతోనే ఉంచేద్దామని. గొంతు మారితే పిల్లలు పట్టేస్తారని డైరెక్టర్ ఒప్పుకోలేదు. రిత్సే మూలిగాడు. చూసినవాళ్లందరూ గొప్పగా చేశాడన్నారు. నిజంగానే గొప్పగా చేశాడు, ఎవరిని విని నేర్చుకున్నాడో నాకు తెలుసు.

నవంబరులో ఉత్సుసెమి టీవీలో చచ్చిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం నేను ఉకాయ్‌ని చూడబోయాను. ఆస్పత్రి పక్క పార్కులో నడిపించమన్నారు. చేతికర్ర ఒకటి, నేను ఒకదాన్ని. గింకో చెట్ల పసుపు ఆకులు రాలి ఉన్నాయి. ఇనుము పడ్డాక ఎడమ కాలు ఈడ్చుకోవడం పోయింది, కర్రలా బిగుసుకుని ముందుకు విసిరినట్టు పడుతోంది.

పిల్లలు వీరుల ఆట ఆడుతున్నారు. ఒక పిల్ల నల్ల చెత్తసంచీ మెడకు కట్టుకుని కాలు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. మిగతావాళ్లు “నువ్వు పోయిన వారం చచ్చిపోయావు, ఆటలో లేవు” అంటున్నారు. “నన్ను మీలో కలుపుకోకండి” అని ఆ పిల్ల ఇటు వచ్చేసింది. వచ్చి ఉకాయ్ నడక చూసి ఆగింది.

“మామయ్యా, నువ్వు ఉత్సుసెమిలా నడుస్తున్నావా?”

“అలా ఉందా?” అన్నాడు ఉకాయ్.

“కానీ తప్పు. కాలు విసరకూడదు. ఈడ్వాలి. ఇలా.” నడిచి చూపించింది.

నేను నోరు తెరిచాను. తెరిచానంటే, చెప్పేద్దామనే. ఈయన ఎవరనుకున్నావే అని. ఉకాయ్ చెయ్యి నా మణికట్టు మీద పడింది, ఆ రోజు పడినట్టే.

“మళ్లీ ఒకసారి చూపించు,” అన్నాడు పిల్లతో.

పిల్ల మళ్లీ నడిచింది. ఉకాయ్ కర్ర నా చేతికిచ్చి ఒక అడుగు వేశాడు. కాలు ఈడ్వలేకపోయాడు. ఇంకొకటి వేశాడు. రాలేదు. చెమట పట్టింది.

పిల్ల పెద్దమనిషిలా జాలిపడింది. “పోనీలే మామయ్యా. అది నీకు రాదు. చాలా కష్టం.”

“అవునమ్మా, కష్టమే,” అన్నాడు.

పిల్ల వెళ్లిపోయింది. ఉకాయ్ బెంచీ మీద కూర్చుని, ఆకుల్లో గీత పడేలా ఈడ్చుకుంటూ పోతున్న ఆ చిన్న కాలినే చాలాసేపు చూశాడు.

“మడమ కొంచెం ఎత్తిందంటే సరిపోతుంది,” అన్నాడు చివరికి, నాకు మాత్రమే వినపడేలా.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. వ్యాను వెనక రానిదంతా అక్కడ వచ్చింది. అతను కర్ర కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.