విరిగిన భుజం ఎవరి వాటా?

వాగియెం కుడిభుజం విరిచింది మొగుడు పర్జోనే. జోగ్జా పట్నం మార్కెట్లో బస్తాలు మోసే ఆడకూలీలందరికీ ఆ సంగతి తెలుసు. తెల్లారగట్ల ఒకరి వీపుకు ఒకరు మోతగుడ్డ బిగించుకుంటారు కదా, వాగియెం వీపు మీది వాతలు తోటికూలీ తుకియెం ఎన్నోసార్లు చూసింది. ఇంటి గుట్టు మనకెందుకని నోరు మెదపలేదు. ఎవరూ మెదపలేదు.

విడాకుల పంచాయితీ ఊరిపెద్ద అరుగు మీద పెట్టారు. పర్జో కాలు మీద కాలేసుకుని లవంగం సిగరెట్టు పీలుస్తున్నాడు.

"తాతలనాటి మాట," అన్నాడు పెద్ద. "మగాడు కావడిలో రెండు బుట్టలు మోస్తాడు. ఆడది వీపున ఒకటే మోస్తుంది. అందుకే ఆస్తిలో వాడికి రెండు పాళ్లు, దానికి ఒకటి."

తుకియెం దిగ్గున లేచింది. "వీడు కావడెప్పుడు మోశాడయ్యా? పందేలకి కోడిని మోశాడు, అంతే! ఆ ఇంట్లో ప్రతి ఇటుకా ఈ వాగియెం బస్తాలు మోసి కొన్నదే."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"మొగుడూ పెళ్లాల కొట్లాటలు ఆస్తి లెక్కలోకి రావమ్మా," అన్నాడు పెద్ద.

"రాకపోతే ఆ విరిగిన భుజం ఎవరి వాటాలో వేస్తారు?" తుకియెం వదల్లేదు. "ఇక జన్మలో ఇది బస్తా ఎత్తలేదు. తిండి పెట్టే చెయ్యి విరగ్గొట్టినోడికి రెండు పాళ్లా?"

పెద్ద తీర్పు మార్చలేదు. కడుపు మండి ఆడవాళ్లు కోర్టుకెక్కారు. చట్టం చెరిసగం అంటుందట. కొట్టడం రుజువైతే జడ్జి ఆమెకు ఎక్కువ ఇవ్వచ్చట. అయితే కళ్లారా చూసినవాళ్లు వచ్చి చెప్పాలి.

వాయిదా నాడు లారీల మీది సరుకు లారీల మీదే ఉండిపోయింది. ఆడవాళ్లంతా కోర్టుకు నడిచారు. కూలీలకి పని పంచే మేస్త్రీ స్కూటరేసుకుని వెంటపడ్డాడు.

"సరుకొదిలి సాక్ష్యానికి పోయినోళ్లెవరూ రేపు మార్కెట్లో అడుగుపెట్టరు! గుర్తుంచుకోండి!"

వాగియెం వాళ్లకి అడ్డం నిలబడింది. "వెనక్కెళ్లిపోండక్కా. నా రాత నాది. నా మూలంగా మీ పిల్లల నోటికాడ కూడు పోగొట్టుకోవద్దు."

"నీ రాత నీదని వదిలేసే కదే ఇంతదాకా తెచ్చాం!" అంది తుకియెం. "అప్పుడే అరిచుంటే నీ భుజం నీకుండేది."

తుకియెం కోర్టు మెట్లెక్కింది. మేస్త్రీ ఒక్కొక్కరినీ పేరుపెట్టి తిట్టాడు. పేరు వినబడ్డ మనిషల్లా వెళ్లి ఆమె వెనక నిలబడింది. వాగియెం ఎడమచేత్తో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నువ్వేం చూశావు?" జడ్జి తుకియెంని అడిగాడు.

"దెబ్బలు చూశానయ్యా. చూసి ఊరుకున్నాను. అదీ రాసుకోండి. బయటున్నోళ్లూ ఊరుకున్నోళ్లే. అందర్నీ పిలవండి. సాయంత్రమైనా కదలం."