నా వెనక రాసిన పేరు

నేను ఒక అంకెల వరసను. పదితో మొదలై, ఒక చుక్క, కొన్ని అంకెలు, ఒక గీత, మళ్లీ అంకెలు. చదువుకున్నవాళ్లు నన్ను డీఓఐ అంటారు. పరిశోధన పత్రికలో వ్యాసం వచ్చినప్పుడు దానికి నాలాంటిదాన్ని ఒకదాన్ని తగిలిస్తారు. పత్రిక వెబ్‌సైటు మారిపోయినా సరే, నన్ను నొక్కితే ఆ వ్యాసమే తెరుచుకోవాలి. ఒకసారి నమోదయ్యాక నన్ను చెరపడం ఎవరి తరమూ కాదు. మనుషులు తమకు లేని శాశ్వతత్వాన్ని నాకిచ్చి మురిసిపోతారు. ఇచ్చేముందు నా వెనక ఏం రాస్తున్నారో మాత్రం చూసుకోరు.

నా వెనక ఒక చిన్న ఫైలు ఉంటుంది. వ్యాసం పేరు, రాసినవాళ్ల పేరు, పత్రిక, సంవత్సరం. ఎవరు అడిగినా నేను చెప్పగలిగేది అంతే.

రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయం పత్రిక ఆఫీసులో పుట్టాను. నన్ను తయారుచేసినవాడు ఓబులేసు అనే ఆపరేటరు. మంచివాడే. కాని ప్రతి వ్యాసానికీ ఫైలు మొదటినుంచి రాసే ఓపిక ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. అంతకుముందు వచ్చిన వ్యాసం ఫైలు కాపీ చేసి, పాతవి తీసి కొత్తవి పెట్టడమే అక్కడి పద్ధతి. ఆ రోజూ అదే చేశాడు. వ్యాసం పేరు మార్చాడు, పేజీలు మార్చాడు. ఇంతలో టీ వచ్చింది. తాగొచ్చి నన్ను నమోదు చేసేశాడు. రచయిత పేరు పాతదే ఉండిపోయింది.

అసలు వ్యాసం రాసింది హుసేనమ్మ అనే పరిశోధక విద్యార్థిని. కర్నూలు జిల్లా నాపరాళ్ల ఫ్యాక్టరీల్లో రాళ్లకు పాలిష్ పట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము ఎంత పేరుకుందో పరీక్షలు చేయించి రాసింది. ఆ ఆడవాళ్లలో ఆమె తల్లి ఈరమ్మ ఒకతె. పాత వ్యాసం, చెరువు మట్టిలో ఉప్పు గురించి, డాక్టర్ పురుషోత్తం అనే కాలేజీ ప్రిన్సిపాల్ రాశాడు. ఆయన ఏనాడూ నాపరాళ్ల ఫ్యాక్టరీ గేటు దాటలేదు. నా పుణ్యమా అని ఊపిరితిత్తుల నిపుణుడయ్యాడు.

వ్యాసం మొదటి పేజీ మీద హుసేనమ్మ పేరే ఉంది. కాని ఈ రోజుల్లో మొదటి పేజీ ఎవరు చూస్తారు? లెక్చరర్ ఉద్యోగం దరఖాస్తులో నన్ను కొడితే చాలు, మిగతావి వాటంతటవే నిండుతాయన్నారు. హుసేనమ్మ నన్ను కొట్టింది. ఆ ఉద్యోగం వస్తే తల్లిని ఆ దుమ్ములోంచి బయటికి తేవాలన్నది ఆమె ఆశ. తెర మీద పురుషోత్తం పేరు వచ్చింది.

ఆమె బస్సెక్కి పత్రిక ఆఫీసుకు వచ్చింది. ఓబులేసు ఫైలు తెరిచి చూసి తల పట్టుకున్నాడు.

“నా తప్పే సార్. పేరు మార్చేది మర్చిపోయినా. ఇప్పుడే సరిచేసి మళ్లీ పంపిస్తా,” అన్నాడు సంపాదకుడితో.

“నీ తప్పని నాకూ తెలుసు లేప్పా. అయినా ఒకసారి ఎక్కిన రచయిత పేరు తీయాలంటే ఆ రచయిత సంతకం కావాల. రూలు.”

“ఆయన రచయితే కాదు కద సార్,” అంది హుసేనమ్మ.

“రికార్డులో ఆయనే ఉన్నాడు కదమ్మా,” అన్నాడు సంపాదకుడు. ఆయన మొహంలో వెటకారమేమీ లేదు. నిజంగానే అలా నమ్మాడు.

పురుషోత్తం అప్పటికే నన్ను చూసుకున్నాడు. యంత్రాలు నన్ను తీసుకెళ్లి ఆయన వ్యాసాల జాబితాలో వాటంతటవే చేర్చాయి. మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఆ ఏడాది ఆయనకు ప్రొఫెసర్ ప్రమోషన్ రావాల్సి ఉంది. హుసేనమ్మ ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు.

“మా కమిటీ అయిపోనీమ్మా, చేద్దాం. చిన్నదానివి, నీకింకా ఎన్ని పేపర్లు రావు?”

ఆయన కమిటీ అయ్యేలోపే ఆమె దరఖాస్తు తిరిగొచ్చింది. ఇచ్చిన అంకెకూ అభ్యర్థి పేరుకూ పొంతన లేదని కారణం రాశారు. నాకు కోపం వచ్చింది. అంకెకు కోపం వస్తే ఏం చేస్తుంది? ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది, అంతే. పురుషోత్తం ప్రొఫెసర్ అయ్యాడు. సంతకం సంగతి ఆ తర్వాత ఫోన్ ఎత్తినప్పుడల్లా మర్చిపోతూనే వచ్చాడు.

ఈరమ్మ ఫ్యాక్టరీ మానలేదు. ఒకసారి కూతురు ఆ మొదటి పేజీ అచ్చు తీసి ఇంటికి తెచ్చింది. “నీ పేరు యాడుందో సూపీ,” అంది ఈరమ్మ. కూతురు చూపించింది. చదువు రాని ఈరమ్మ ఆ పేరు మీద వేలు పెట్టుకుని దగ్గుతూ కూర్చుంది. తర్వాతి ఎండాకాలంలో పోయింది. తల్లి ఊపిరితిత్తుల్లో దుమ్ము ఎక్కడెక్కడ ఉందో ఆ కూతురికి ముందే తెలుసు, నాకూ తెలుసు.

హుసేనమ్మ ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తోంది. పత్రికలకు వ్యాసాల వివరాలు తయారుచేసి నమోదు చేసే కంపెనీ. నాలాంటివాళ్లను ఆమే పుట్టిస్తోందన్నమాట. పాత ఫైలు కాపీ చేయదు. ప్రతి ఒక్కటీ మొదటినుంచి రాస్తుంది, రచయితల పేర్లు బయటికి చదివి మరీ సరిచూస్తుంది. పక్క సీట్ల వాళ్లు నవ్వుకుంటారు.

మొన్న ఆమె ముందుకు దుమ్ము రోగాల మీద కొత్త వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవాడెవరో బుద్ధిమంతుడు, మొదటి పేజీ చదివినట్టున్నాడు. చివర ఉదహరించిన వ్యాసాల్లో నన్నూ చేర్చి, పక్కన హుసేనమ్మ అని రాశాడు. యంత్రం వచ్చి నా వెనక ఫైలుతో పోల్చి చూసి ఆ పేరు కింద ఎర్రగీత గీసింది. పేరు తప్పు, పురుషోత్తం అని ఉండాలి అంది.

హుసేనమ్మ పై అధికారిణిని పిలిచింది.

“మేడం, ఇక్కడ రచయిత రాసిందే కరెక్టు. వదిలేయొచ్చా?”

“నీకెట్ల తెల్సు?”

హుసేనమ్మ తన వ్యాసం మొదటి పేజీ తెరిచి చూపించబోయింది.

“రికార్డుల ఏముంటే అదే పెట్టు. లేకుంటే ఫైలు వాపసొస్తది,” అని మేడం వెళ్లిపోయింది.

హుసేనమ్మ తన పేరు మీద కర్సర్ పెట్టి ఒక్కో అక్షరం చెరిపింది. ఆ చోట పురుషోత్తం అని కొట్టింది. ఎర్రగీత పోయింది. ఆ తర్వాత నన్ను ఒకసారి నొక్కింది. నేను తెరుచుకున్నాను. మొదటి పేజీ మీద ఆమె పేరు అలాగే ఉంది. వాళ్లమ్మ వేలు పెట్టినచోటే ఆమె కూడా తెర మీద వేలు పెట్టి, కాసేపు ఉంచి, పేజీ మూసేసి తర్వాతి అంకెకు వెళ్లింది.