ఖాళీ ఉండరాని గడి

జోరీగ అన్న పేరు అతనికి కంపెనీవాళ్ళు పెట్టిందే. ఆసుపత్రులకు కంప్యూటర్ రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్మే ఆ కంపెనీ తరఫున మంత్రుల చెవుల్లో రొద పెట్టడమే అతని ఉద్యోగం. ఆ రొద ఫలించింది. కాగితం మానేసి కంప్యూటర్‌లోకి మారిన ప్రతి ఆసుపత్రికీ ప్రభుత్వం నిధులివ్వడం మొదలుపెట్టింది. నిబంధనలు రాసే శ్రమ కూడా ప్రభుత్వానికి లేకుండా జోరీగే రాసిచ్చాడు. తెరమీద ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఒకసారి నింపిన గడిని కమిటీ అనుమతి లేకుండా మార్చకూడదు. ఈ రెండూ తమ సాఫ్ట్‌వేర్‌కే చేతనవును. పోటీ కంపెనీలు నోరెళ్ళబెట్టాయి.

అలాంటి ఆసుపత్రిలోనే జోరీగ తండ్రిని చేర్చాల్సి వచ్చింది. పెద్దాయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కాలి పుండు చీము పట్టి, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో పలవరిస్తున్నాడు. జోరీగ ఆఫీసు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చేసరికే వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు.

"మా నాన్నకి పెన్సిలిన్ పడదండి," అన్నాడు నర్సుతో. "నా చిన్నప్పుడు ఓసారి ఇస్తే గొంతు వాచిపోయి చావు తప్పింది."

నర్సు తెర చూసింది. "పడని మందులు లేవని ఉందండి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఖాళీ వదిలితే ముందుకు కదలదు. ఆయనేమో మాట్లాడే స్థితిలో లేరు. 'లేవు' అని కొట్టాం. అందరికీ అలాగే కొడతాం. ఖాళీలుంటే నిధులు ఆపేస్తారు కదా."

"అయితే మార్చండి."

"కమిటీ ఒప్పుకోవాలండి. వచ్చే నెల కూర్చుంటారు."

ఆ వాక్యం రాసినందుకు జోరీగకు జీతం పెరిగింది.

డాక్టరు మంచివాడే. "నేనైతే ఇవ్వను. డ్యూటీ మారాక వచ్చేవాళ్ళు తెరే చూస్తారు. కాగితం పెడదామంటే రేపు తనిఖీ," అన్నాడు.

జోరీగకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది గానీ దాన్ని తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. ట్రేలోంచి ప్లాస్టరు ముక్క చించి, పెన్ను అడుక్కుని, 'పెన్సిలిన్ ఇవ్వొద్దు' అని రాసి తండ్రి జబ్బకు అంటించాడు. పక్క మంచం దగ్గరావిడ చూసి, "మా ఆయనకీ ఒకటి రాసిపెట్టు బాబూ, ఆయాసం మందు పడదు," అంది. తెల్లారేసరికి వార్డంతా ప్లాస్టర్లే.

తనిఖీ అధికారి రానే వచ్చాడు. "కాగితం లేని ఆసుపత్రి అన్నారు. ఇవన్నీ ఏమిటి?"

సూపరింటెండెంటు కంగారుపడి పెద్దాయన ప్లాస్టరు పీకబోయాడు. జోరీగ దానిమీద అరచెయ్యి వేశాడు.

"అది కాగితం కాదండి. ప్లాస్టరు."

"ఆ సంగతి కంప్యూటర్‌లో లేదా?"

అబద్ధం ఆడటం జోరీగకు చేతకాక కాదు, అయినా ఉన్నదే చెప్పాడు.

"ఉందండి. పడని మందులు లేవని ఉంది."

అధికారి గడ్డం గోక్కున్నాడు. "అయితే ప్లాస్టరు ఉందా, లేదా అని ఇంకో గడి పెట్టించండి. ప్రతిపాదన పంపితే నిధుల సంగతి చూద్దాం."

"దాన్ని కూడా ఖాళీ వదలకూడదాండి?" అన్నాడు సూపరింటెండెంటు.

"మరి?"

కొత్త గడి కబురు విన్న కంపెనీ యజమాని ఫోనులో ఆనందం పట్టలేకపోయాడు. జోరీగ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఊ కొట్టాడు. రెండో చెయ్యి తండ్రి జబ్బమీంచి తియ్యలేదు. డ్యూటీ మారే వేళయింది.