జోజి రాయి

ఉదయం ఏడున్నర, రాత్రి మొదలైన వాన అప్పుడే వెలిసి, ములకలపల్లి అడవి మీద పలచని ఎండ పరుచుకుంటోంది. డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయిన అన్న జోజి జాడ వెతుక్కుంటూ రిబ్కా ఖమ్మం నుంచి ఈ తండాకు వచ్చింది. చివరి సెలవులో అతడు ఇంట్లో రెండు రోజులే ఉన్నాడు. మిగతా సెలవంతా ఈ తండాకే చెందిన తోటి సైనికుడు రామ్‌చందర్ ఇంట్లో గడిపాడని ఆమెకు ఈమధ్యే తెలిసింది.

శవం ఇంటికి రాలేదు కనుక, సమాధుల పండుగనాడు సున్నం వేసేందుకు రిబ్కాకు అన్న సమాధి లేదు. ఇక్కడ మాత్రం అతని పేర ఒక రాయి ఉంది. రామ్‌చందర్ చెల్లెలు పూలి ఏటా చేసినట్టే దానిమీద ఇప్పసారా పోస్తోంది.

రిబ్కా అడ్డం వచ్చింది. "ఏందమ్మా ఇది? మా అన్న జన్మల సారా ముట్టలే!"

"మీ ఇంట్ల ముట్టలేదమ్మా," పూలి నవ్వింది. "మా ఇంట్ల గిలాస దించలే. పాటలు గూడ పాడిండు."

పాటలు! తోడబుట్టినదాని కోసం ఒక్క పాటైనా పాడని మనిషి.

"ఆ గిలాస ఇటియ్యి. సొంత చెల్లెను నేను."

"నాక్కూడ అన్ననే. నేను బతికున్నన్ని దినాలు నేనే పోస్త. మీరు గిట్ల పక్కన నిలబడుండ్రి."

రిబ్కా నిలబడింది, పళ్ళు కొరుకుతూనే. ఆపైన ఏటేటా వచ్చి నిలబడింది.

ఆరేళ్ళకు పూలి చనిపోయింది. ఇప్పుడు ఆ రాయి మీద సారా పోస్తున్నది రిబ్కా.