మధ్యలోంచి వచ్చే గొంతు

"వాళ్లొచ్చేలోపు ఆ వైర్ల మీద ఏదైనా గుడ్డ కప్పు. చూడ్డానికి చికాగ్గా ఉంది," అన్నారు మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆయన ఆఫీసు మేనేజరూ, మేనేజరు గారి భార్యా మొదటిసారి మా ఇంటికి వస్తున్న రోజది. పొద్దుట్నించీ ఇల్లు తుడిచి, దిండు గలీబులు మార్చి, బాత్రూము కడిగి, వంట సగంలో ఉన్నాను. ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చి వైర్ల మీద వేశాను. ఆంప్లిఫయరు మీద మాత్రం వెయ్యలేదు. పైనున్న చిల్లుల్లోంచి దాని వేడి బయటికి పోవాలి. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే "నీకన్నీ తెలుసు" అంటారు. మా ఇంట్లో ఆ మాట మెప్పు కాదు.

ఆ స్టీరియో నేను చేసుకున్నది. పెళ్లైన పదమూడేళ్లూ నేను పాటలు విన్నది వంటింట్లోనే, ఫోనుని ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టి. గిన్నెలో పెడితే చప్పుడు కాస్త పెరుగుతుంది గానీ, పాడే మనిషి బావిలో పడి కేకలేస్తున్నట్టుంటుంది. ఒకసారి మంచి సెట్టు కొనుక్కుందామని అంటే, అత్తగారు "ఇప్పుడు చెవులకేం వచ్చింది?" అన్నారు. మా ఆయన నవ్వారు. కొత్తది కొనే మాట మళ్లీ ఎత్తలేదు. పాతవి వెతకడం మొదలుపెట్టాను. మా వీధి చివర డాన్సు స్కూలు మూసేస్తూ రెండు స్పీకరు పెట్టెలు గోడవారన పడేశారు. అడిగి తెచ్చుకున్నాను, ఒక్కొక్కటీ నడుముకి ఆనించుకుని రెండు విడతలుగా. స్పీకరు ముందుండే కాగితపు కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు ముట్టుకుంటే పొడై రాలిపోయేది. పాత జిగురంతా చాకుతో ఓపిగ్గా గీకి, కొత్త అంచులు అతికించి, ఒక రోజంతా ఎవర్నీ వాటి దగ్గరికి రానివ్వలేదు. కాలేజీలో చదివిన ఫిజిక్సు ఇన్నేళ్లకి చేతికి తగిలింది.

ఆంప్లిఫయరు కోసం రిపేరు షాపుకి వెళితే అక్కడి పెద్దాయన, "సారుని పంపించండమ్మా. ఇది చెప్పినా మీకు అర్థం కాదు," అన్నాడు. నాకు అర్థమవుతుందని నేను అనలేదు. "ఆయనకి ఖాళీ లేదండీ. చేసేది ఆయనే, నేను తీసుకెళ్లడమే," అన్నాను. అలా అనగానే పని తేలిగ్గా అయిపోయింది. కుర్చీ వేశాడు, ఉన్నవాటిలో మంచిది ఏరి ఇచ్చాడు. ఆ పని మీద మా ఆయన పేరు మొట్టమొదట రాసింది నేనే. ఇది తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

బిగించిన రోజుల్లో మా అమ్మాయికి బడి సెలవులు. పదేళ్ల పిల్ల. ఇంట్లో బుల్లి అంటాం. మధ్యాహ్నాలు అత్తగారు పడుకున్నాక నేను బల్ల కింద దూరితే, తను పక్కన బోర్లా పడుకుని టార్చి పట్టేది. చెయ్యి నొప్పెడితే ఆ చేతిని ఈ చేత్తో పట్టుకునేది కానీ వెలుగు కదలనిచ్చేది కాదు. మొదటి పాట పెట్టినప్పుడు ఇద్దరం నేల మీద కూర్చున్నాం. గొంతు ఈ పెట్టెలోంచీ కాదు, ఆ పెట్టెలోంచీ కాదు, రెండింటి మధ్యా ఏమీ లేని గోడ దగ్గర్నించి వచ్చింది. బుల్లి లేచి వెళ్లి గోడ తడిమి చూసింది. "అమ్మా, ఇక్కడ నిలబడి పాడుతోంది," అంది.

సాయంత్రం మా ఆయన వచ్చి, ఎవరు బిగించారని అడిగారు. నేనే అన్నాను. షాకు కొడుతుంది జాగ్రత్త అన్నారు. అంతే.

ఆ రోజు మేనేజరు గారు వచ్చి కూర్చున్న కాసేపటికే స్టీరియో వైపు తల తిప్పి చూశారు. సెట్టు బాగుందే, ఎక్కడ కొన్నారని అడిగారు. కొనలేదనీ, ఇంట్లోనే చేశామనీ అన్నారు మా ఆయన. "చేశాం" అన్నారు ముందు. మీరే చేశారా అని మేనేజరు గారు ఆశ్చర్యపోతే, ఏదో ఆదివారాల కాలక్షేపం అన్నారు మా ఆయన. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"నాన్న కాదంకుల్, అమ్మ చేసింది," అంది బుల్లి. "నేను టార్చి పట్టుకున్నాను."

మా ఆయన నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది. అందరూ నావైపు చూశారు.

"చిన్నపిల్ల కదండీ, ఏదో అంటుంది. ఆయనే చేశారు," అన్నాను.

ఆడపిల్లలెప్పుడూ అమ్మ పార్టీయే అంది మేనేజరు గారి భార్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుల్లి నవ్వలేదు. నన్ను చూసింది. కోపంగా కాదు. రోజూ వెళ్లే దారిలో గొయ్యి ఉందని అప్పుడే తెలిసినవాళ్లు చూసినట్టు చూసింది.

ఆ మాట అనమని నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన కళ్లతోనైనా సైగ చెయ్యలేదు. పై అధికారి ముందు ఆయన పరువు పోతుందనుకున్నాను. ఒకరి పరువు నిలబెట్టడానికి ఇంట్లో ఇంకొకరిది తీసెయ్యొచ్చనీ, అది పదేళ్ల పిల్లదైనా ఫరవాలేదనీ నాకు ఎవరూ నేర్పలేదు. నాకే వచ్చింది. నలుగురి ముందూ నా బిడ్డని అబద్ధాలకోరుని చేసి, తర్వాత అందరికీ అడిగి అడిగి వడ్డించాను. తేలు కుట్టిన దొంగలా తిరిగాను ఆ సాయంత్రమంతా. ఆ తర్వాత ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పాట పెట్టుకుంటే, ఆ మధ్యలోంచి వచ్చే గొంతుని ఎదురుగా కూర్చుని వినలేక లేచి బట్టలు మడత పెట్టేదాన్ని.

ఆ రోజు వెళ్లేముందు మేనేజరు గారు అలాంటిదే తమకీ ఒకటి చేసిపెట్టమన్నారు. మా ఆయన ఒప్పేసుకున్నారు. "నీకేముంది, చెయ్యి తిరిగిన పని. చేసి పెట్టు, నేను తీసుకెళ్లి బిగిస్తా," అన్నారు మర్నాడు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా. మళ్లీ పాత పెట్టెలు, మళ్లీ జిగురు. బల్ల కింద దూరి బుల్లిని టార్చి పట్టమని పిలిచాను. తను పుస్తకంలోంచి తలెత్తలేదు.

"నాన్నని పట్టమను. చేసేది ఆయనేగా."

అందులో వెటకారం లేదు. నేను చెప్పిన సంగతే నాకు అప్పజెప్పింది. టార్చిని గడ్డం కింద నొక్కిపట్టుకుని పని పూర్తిచేశాను.

ఆదివారం పూట ముగ్గురం మేనేజరు గారింటికి వెళ్లాం. మా ఆయన తడబడకూడదని ముందే ఒక్కో స్పీకరు వైరులో ఒక తీగకి ఎర్ర దారం ముడేసి, దారమున్నది వెనకున్న ఎర్ర రంధ్రంలోకి పోవాలని రెండుసార్లు చెప్పాను. హాల్లో మగవాళ్లు, వంటింట్లో మేము. మేనేజరు గారి భార్యా నేనూ పళ్లు కోస్తుంటే బుల్లి స్టూలు మీద కూర్చుని తింటోంది.

పాట మొదలైంది. నా చాకు ఆగింది. గొంతు ఉంది గానీ ఎక్కడుందో తెలియడం లేదు. డప్పు దెబ్బలో బరువు లేదు. రెండు పెట్టెల్లో కోన్లూ ఒకేసారి ముందుకి రావాలి, ఒకేసారి వెనక్కి పోవాలి. ఒకదాంట్లో తీగలు తారుమారైతే ఒకటి నెడుతుంటే రెండోది లాక్కుంటుంది. అప్పుడు మధ్యలో నిలబడి పాడే మనిషి మాయమైపోతుంది. హాల్లో మా ఆయన, కొత్తది కదండీ, నాలుగు రోజులు మోగితే సర్దుకుంటుంది అంటున్నారు. మేనేజరు గారు, మీ ఇంట్లో ఇలా లేదే అంటున్నారు.

మంచినీళ్ల వంకతో మా ఆయన వంటింట్లోకి వచ్చారు. ఆవిడ ఫ్రిజ్జు వైపు తిరగగానే నా చెవి దగ్గర, "ఏంటది? ఏం చెయ్యాలి?" అన్నారు.

ఒక పెట్టె వెనక తీగలు అటుదిటు మార్చండి. చెబితే అంత చిన్న మాట. వెళ్లి మారుస్తారు, అందరూ మెచ్చుకుంటారు, తిని ఇంటికొస్తాం. బుల్లి మా ఇద్దరికీ మధ్యలోనే ఉంది. వింది. నేనేం చెబుతానో తెలిసినట్టు, నేను చెబుతుంటే చూడకూడదని మర్యాద పాటిస్తున్నట్టు, పళ్లెంలోకి తల దించుకుంది. కన్నకూతురు నా పరువు కాపాడుతోంది. నాకు చచ్చినంత పనైంది.

"నేనొచ్చి చూస్తాను," అన్నాను.

"నువ్వెందుకు? చెప్పు చాలు."

చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్లాను. సోఫా పక్కన మోకాళ్ల మీద వంగితే నా పగిలిన మడమలు వెనక అందరికీ కనిపిస్తాయని ముందు అదే తట్టింది. పొడుగ్గా వేలాడితే బాగుండదని మా ఆయన వైర్ల కొసలు కత్తిరించేశారు. నా ఎర్ర దారం ముడులు ఆ ముక్కలతో పాటు నేల మీద పడున్నాయి. స్విచ్చి ఆపి, ఒక పెట్టె తీగలు ఊడదీసి, మార్చి బిగించి, మళ్లీ వేశాను. ఆ గొంతు గోడ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"అబ్బో, ఆవిడక్కూడా నేర్పేశారే," అన్నారు మేనేజరు గారు.

"మనతో ఉంటే అదే వచ్చేస్తుంది కదండీ," అన్నారు మా ఆయన.

మళ్లీ అందరూ నవ్వారు. నా పెదవులు కూడా అలవాటుగా సాగబోయాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నేను చేతికిచ్చినదాన్నే మోస్తున్నారు ఆయన. బుల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సగం తిన్న పండు. నేను లేవలేదు. నేల మీద నుంచే, మేనేజరు గారి వైపు కాదు, మా ఆయన వైపు కాదు, నా కూతురి వైపు తిరిగాను.

"బుల్లీ," అన్నాను. అందరికీ వినబడింది. "ఆ రోజు నువ్వు నిజమే చెప్పావమ్మా. అబద్ధం చెప్పింది నేను."