జాబితాలో తెలియని పేరు

పది గంటలకు మా కోడలికి ఇంటర్వ్యూ. ఏడాదిగా ఉద్యోగం లేదు. పావు తక్కువ పదికి ఆమె కొత్త లాప్‌టాప్ ఇంటి వైఫైకి కలవనని మొరాయించింది. నా ఫోన్‌కు మాత్రం అదే వైఫై నిక్షేపంగా అందుతోంది.

రౌటర్ నా గదిలో ఉంటుంది. అక్కడికే వచ్చి కూర్చుని, దాన్ని ఆపి మళ్లీ పెట్టింది. పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టింది.

"పాస్‌వర్డ్ సరైనదే మామయ్యా. దీన్నొక్కదాన్నే వెలేసినట్టుంది."

నాకు అప్పుడు వెలిగింది. నిన్న సాయంత్రం నెట్ నత్తనడక నడుస్తుంటే, పక్కింటివాళ్లు వాడేస్తున్నారని అనుమానించి, రౌటర్ జాబితాలో అంకెలతో ఉన్న ఒక పేరును బ్లాక్ చేశాను. మా ఆవిడ బతికుంటే, ముందు కోడల్ని అడగమనేది.

చెబితే నా పరువు, చెప్పకపోతే ఆమె ఉద్యోగం.

"అమ్మాయ్, దొంగనుకుని దాన్ని ఆపింది నేనే."

"ముందు వదలండి మామయ్యా. తిట్లు తర్వాత."

ఫోన్ తీసి, ఆ పేరు మీది బ్లాక్ ఎత్తేశాను. పదికి నిమిషం ఉందనగా కలిసింది. నేను బయటికి వెళ్లాలంటే కెమెరా ముందునుంచి వెళ్లాలి. మంచం చివర ముప్పావుగంట బందీగా ఉండిపోయాను.

"ఇంటినుంచే పని. మీ నెట్ నమ్మొచ్చా?" అని అవతల ఒకావిడ అడిగింది.

"నమ్మొచ్చండి," అంది కోడలు, నా వైపు చూడకుండా. "మా మామయ్య కాపలా గట్టిది. ఇంట్లోవాళ్లను కూడా ఓ పట్టాన రానివ్వరు."

అవతల అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో, అప్పటిదాకా ఆపుకున్న దగ్గును హాయిగా దగ్గేశాను.