పాపకు కుదిరిన టీచరు

మందుల షాపులో పనిచేసిన ఇన్నేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క మాత్ర కూడా తప్పు వెళ్లలేదు. చీటీ చదివి, డబ్బా మీద పేరు చదివి, మళ్లీ చీటీ చదివితే గానీ మందు కౌంటరు దాటేది కాదు. అలాంటి మనిషి కూతురికి లెక్కల్లో అత్తెసరు మార్కులు రావడం ఆమెకు మింగుడుపడలేదు.

కూతురు ఐదో తరగతి. నోరు విప్పితే మూయదని ఇంట్లో అందరూ చిలకా అని పిలిచేవారు. లెక్కల పుస్తకం ముందు మాత్రం ఆ చిలక నోరు పెగిలేది కాదు.

"రోజూ పక్కనే కూర్చుని చెప్తున్నాను. ఇంకేం చెయ్యను?" అని భర్త దగ్గర వాపోయింది.

"నువ్వూ అలిసిపోయావు, అదీ అలిసిపోయింది. ట్యూషన్ పెట్టిద్దాం" అన్నాడతను.

మొదట పేరుమోసిన మాస్టారి దగ్గరికి వెళ్లారు. ఇరుకు గదిలో ఇరవై మంది పిల్లలు ఒకే లెక్కని ఒకే గొంతుతో అప్పజెప్తున్నారు. "నాకు వదిలెయ్యండి, క్లాస్ ఫస్టు నా పూచీ" అన్నాడాయన. పాప పేరైనా అడగలేదు. తర్వాత కాలేజీలో చదివే ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. నవ్వుతూ, నవ్విస్తూ చెప్పేది. చిలకకి తెగ నచ్చేసింది. వారం తిరక్కుండానే హోంవర్కంతా తప్పుల్లేకుండా వచ్చింది. తీరా ఆరా తీస్తే చేసిందంతా ఆ అక్కే.

"టీచర్ని వెతకడమంటే సంబంధం వెతకడమేనే. చూడగానే తేలదు" అంది అత్తగారు.

వీధి చివర మేడమీద ఉండే టీచరమ్మ సంగతి ఆవిడే పట్టుకొచ్చింది. పిల్లాడు చిన్నవాడని ఆ టీచరమ్మ బడి మానేసి ఇంట్లోనే ఒకరిద్దరికి చెప్తోందట. పిలిస్తే వచ్చింది కానీ వెంటనే ఒప్పుకోలేదు.

"ఒక గంట పాపతో కూర్చుంటాను. నా చేతనవుతుందో లేదో అప్పుడు చెప్తాను" అంది.

ఆవిడ వెళ్లి గదిలో కూర్చోగానే "చూపులకి వచ్చింది మనమా, ఆవిడా?" అని అత్తగారు కోడలి చెవిలో గొణిగింది.

తల్లి కూడా గదిలోనే ఒక మూల కుర్చీ వేసుకుంది. టీచరమ్మ ఒక లెక్క ఇచ్చింది. చిలక ఒక అంకె వేసి తల్లి వైపు చూసింది. చెరిపేసింది. ఇంకో అంకె వేసింది, మళ్లీ చూసింది. కాగితం చిరిగేదాకా అదే తంతు.

"కాస్త టీ ఇప్పిస్తారా?" అంది టీచరమ్మ.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. నీళ్లు మరగకముందే గదిలోంచి కూతురి గొంతు వినిపించింది. "కాదు టీచర్, ముందు దీన్ని భాగించాలి... అయ్యో, అప్పుడు శేషం వస్తుంది కదా, ఉండండి ఉండండి!" తమ చిలకేనా అని ఆమె చేతిలో చక్కెర డబ్బాతో అలాగే నిలబడిపోయింది.

వెళ్లేముందు టీచరమ్మ ఆమెను గుమ్మం బయటికి పిలిచింది. "పాపకి లెక్కలు వచ్చండీ. మీరు పక్కనుంటే మాత్రం రావు. నేను చెప్పాలంటే మా ఇంటికి పంపించండి. మీరు మాత్రం కూర్చోకూడదు."

ఆమెకు ముఖం మీద కొట్టినట్టయింది. "ఆలోచించి చెప్తాం" అని ముక్తసరిగా అని తలుపు వేసుకుంది.

"గంటలో నన్ను తేల్చిపారేసింది! కన్నతల్లిని నేను అడ్డమా?" అని అత్తగారి ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నన్నడిగితే ఏం లాభం? దాన్నే అడుగు" అంది ఆవిడ నెమ్మదిగా.

ఆ సాయంత్రం కూతురి తల దువ్వుతూ అడిగింది. "నేను నిన్ను ఎప్పుడైనా తిట్టానా?"

"లేదమ్మా."

"మరి నన్ను చూస్తే భయమెందుకే?"

"నేను తప్పు వేస్తే నువ్వు ఊపిరి బిగబడతావు. నాకు వినిపిస్తుంది. అప్పుడు నాకు ఏదీ గుర్తురాదు."

దువ్వెన ఆగిపోయింది. కౌంటరు దగ్గర తాను ఎలా ఊపిరి బిగబట్టి చీటీలు చదువుతుందో ఆమెకు తెలుసు. అక్కడ తప్పు జరిగితే ఒక ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయాన్ని ఇంటిదాకా మోసుకొస్తున్నానని మాత్రం ఇన్నాళ్లూ తట్టలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఈ మాట నాకు ముందే చెప్పొచ్చుగా, తల్లీ" అంది.

మర్నాడు తనే మేడమెట్లెక్కి టీచరమ్మ తలుపు తట్టింది. "నిన్న కాస్త మొండిగా మాట్లాడాను, ఏమనుకోకండి. రేపట్నుంచి పంపిస్తాను. కింద దింపేసి వెళ్లిపోతాను" అంది. టీచరమ్మ నవ్వి పక్కకి జరిగింది. "ఇవాళ పాఠం లేదుగా. లోపలికి రండి."

అర్ధసంవత్సరం పరీక్షల్లో చిలకకేమీ వందకి వంద రాలేదు. రెండు లెక్కలు తప్పాయి. బడి నుంచి వస్తూనే సంచీ విసిరేసి, పేపరు తెచ్చి వంటింటి గట్టు మీద పరిచింది.

"అమ్మా, ఇదెక్కడ తప్పిందో నాకు తెలిసిపోయింది. నువ్వు కనుక్కో చూద్దాం!"

ఆమె స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. ఎంత చూసినా అంతుపట్టలేదు.

"ఓడిపోయానే. నువ్వే చెప్పు" అంది.

చిలక గట్టెక్కి కూర్చుని మొదలుపెట్టింది. ఇక ఆ మాటలకు అడ్డేదీ?